చేతికి పొట్టు తగిలితే ఒలిచేదేముంది?

ప్రశ్న: సార్, నేను ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ చదువుతున్నాను. మాది కావలి దగ్గర పల్లె, నెల్లూరులో హాస్టల్లో ఉంటున్నాను. ఎంజైమ్‌ల పాఠం నా ప్రాణం తీస్తోంది. కాంపిటీటివ్ ఇన్హిబిటర్ అయితే కేఎం పెరుగుతుంది, వీమాక్స్ మారదు. నాన్ కాంపిటీటివ్ అయితే వీమాక్స్ తగ్గుతుంది, కేఎం మారదు అని బట్టీ పట్టాను. రెండు వీక్లీ టెస్టుల్లోనూ తారుమారు చేసి వచ్చాను. పేపర్ చేతికి రాగానే టెన్షన్‌తో ఏది ఏదో గుర్తుండదు. మా లెక్చరర్‌ని అడిగితే ‘టేబుల్ పదిసార్లు రాయి’ అన్నారు. ఎంఈసీకి మారిపోదామా అనిపిస్తోంది. ఇంకో చిన్న సందేహం. మా అమ్మ రొయ్యల షెడ్డులో ఒలిచే పనికి వెళ్తుంది. రొయ్యలు నల్లబడకుండా ఏదో తెల్ల పౌడర్ నీళ్ళలో కలుపుతారట. అది కూడా ఎంజైమ్ ఇన్హిబిటరేనా? అమ్మని అడిగితే నవ్వింది.
(పేరు రాయవద్దని కోరిన ఒక విద్యార్థిని)

సమాధానం: తల్లీ, నువ్వు చిన్న సందేహం అన్నదే పెద్దది. మొదటి ప్రశ్నకి జవాబు కూడా అక్కడే, ఆ షెడ్డులోనే దొరుకుతుంది. ఎంఈసీ సంగతి తర్వాత చూద్దాం. ముందు టేబుల్ ఉన్న పేజీ మూసెయ్. ఇన్హిబిటర్ అంటే ఎంజైమ్ పనికి అడ్డుపడే పదార్థం, అంతే.

షెడ్డులో బల్ల చుట్టూ పదిమంది ఆడవాళ్ళు నిలబడ్డారనుకో. మధ్యలో పెద్ద తొట్టి, అందులో ఐసు నీళ్ళు, రొయ్యలు. ఒక్కొక్కరూ తొట్టిలో చెయ్యి పెట్టి, ఒక రొయ్యను పట్టి, తల తుంచి, పొట్టు ఒలిచి, నరం లాగి గిన్నెలో వేస్తారు. చెయ్యి మళ్ళీ తొట్టిలోకి పోతుంది. ఆ చెయ్యి ఎంజైమ్. రొయ్య సబ్‌స్ట్రేట్. ఒలిచిన రొయ్య ప్రొడక్ట్. రొయ్య ఇమిడే వేళ్ళ సందు యాక్టివ్ సైట్. నూరో రొయ్య ఒలిచాక కూడా చెయ్యి చెయ్యిలాగే ఉంటుంది, రొయ్యతో పాటు కరిగిపోదు. ఎంజైమ్‌ని ఉత్ప్రేరకం అనడంలో ఉన్న అర్థం అదే. (ఐసు నీళ్ళకి మీ అమ్మ వేళ్ళు నాని పగిలి ఉంటాయి, నాకు తెలుసు. పోలిక అక్కడ కుంటుతుంది.)

‘ఉత్తేజన శక్తిని తగ్గిస్తుంది’ అన్న వాక్యం కూడా నువ్వు బట్టీ పట్టే ఉంటావు. మడిలో నీరు ఎప్పుడూ పల్లానికే పోవాలని చూస్తుంది, మధ్యలో గట్టు అడ్డం. గట్టుని కాస్త కోస్తే నీరు బిరబిరా దిగుతుంది. ఎంజైమ్ చేసేది ఆ కోత. పల్లాన్ని మెరకగా మార్చే శక్తి దానికి లేదు. జరగవలసిన చర్య త్వరగా జరుగుతుంది, చివరికి చేరే సమతాస్థితి మాత్రం మారదు.

తాళం, తాళంచెవి పోలిక 1894లో ఎమిల్ ఫిషర్ చెప్పింది. బాగానే ఉంటుంది కానీ తాళం మరీ బిగుసుకుని ఉండే వస్తువు. 1958లో డేనియల్ కోష్లాండ్, సబ్‌స్ట్రేట్ దగ్గరికి రాగానే ఎంజైమ్ కూడా తన ఆకారాన్ని సర్దుకుంటుందని చెప్పాడు. రొయ్య తగలగానే వేళ్ళు ముడుచుకున్నట్టు. నాకు ఈ రెండోదే ఇష్టం.

ఇప్పుడు నీ తలనొప్పి దగ్గరికి వద్దాం. లెక్క సులువుగా ఉండటానికి అంకెలు నేనే వేస్తున్నాను. ఒక్కొక్కరు ఎంత తొందరపడినా నిమిషానికి పది రొయ్యలకి మించి ఒలవలేరు. పదిమంది కాబట్టి షెడ్డు మొత్తం మీద నిమిషానికి నూరు. తొట్టి పొంగేలా రొయ్యలు పోసినా నూట ఒకటి కాదు. ఆ నూరే వీమాక్స్. మరి తొట్టిలో రొయ్యలు తక్కువైతే? నీళ్ళలో తడుముకోవడానికే సగం సమయం పోతుంది. తొట్టిలో ఐదు కేజీలు ఉన్నప్పుడు నిమిషానికి యాభై, అంటే సరిగ్గా సగం వేగంతో పని జరుగుతోందనుకుందాం. ఆ ఐదు కేజీలే కేఎం. కేఎం అంటే వేగం అనుకుని చాలామంది పిల్లలు బోర్లా పడతారు. అది వేగం కాదు, సగం వేగం రావడానికి తొట్టిలో ఎంత సరుకు ఉండాలన్న కొలత. కేఎం చిన్నదైతే కొంచెం సరుకుతోనే పని ఊపందుకుంటుంది, అంటే చేతికి రొయ్య చటుక్కున చిక్కుతోందని.

ఇక్కడ మీ సూపర్‌వైజర్ పరాకుగా ఉండి, ఒలిచేసిన పొట్టుని బయట పారెయ్యకుండా మళ్ళీ తొట్టిలోనే పోశాడనుకో. చెయ్యి పెట్టినప్పుడల్లా రొయ్యే రాదు. ఒక్కోసారి ఉత్త పొట్టు తగులుతుంది. పట్టుకుంటారు, చూస్తారు, వదిలేస్తారు. పొట్టు రొయ్యలాగే ఉంది కాబట్టి చేతికి దొరికింది, కానీ ఒలవడానికి అందులో ఏమీ లేదు. ఆ పొట్టే కాంపిటీటివ్ ఇన్హిబిటర్. ఐదు కేజీల రొయ్యలున్నా ఇప్పుడు వేగం యాభైకి రాదు. యాభై రావాలంటే ఏ పది కేజీలో పోయాలి. అంటే కేఎం పెరిగింది. కానీ తొట్టి నిండా రొయ్యలు కుమ్మరిస్తే? పొట్టు ఆ గుట్టలో ఎక్కడో మునిగిపోతుంది, చెయ్యి పెట్టిన ప్రతిసారీ రొయ్యే వస్తుంది, వేగం మళ్ళీ నూరు దగ్గరికి చేరుతుంది. వీమాక్స్ మారలేదు. చూశావా, టేబుల్‌లో మొదటి వరుస దానంతట అదే వచ్చేసింది.

నీ పుస్తకంలో సక్సినిక్ డీహైడ్రోజినేజ్‌కి మాలోనేట్ ఉదాహరణ ఉంటుంది చూడు. ఆ పేర్లకి భయపడకు. సక్సినేట్ నాలుగు కార్బన్ల గొలుసు, రెండు చివర్లలోనూ కార్బాక్సిల్ గుంపులు. ఎంజైమ్ పని మధ్యనున్న రెండు కార్బన్ల నుంచి ఒక్కొక్క హైడ్రోజన్ ఊడదీయడం. మాలోనేట్‌కి కూడా రెండు చివర్లలో అవే గుంపులున్నాయి, అందుకే యాక్టివ్ సైట్‌లో చక్కగా కూర్చుంటుంది. కానీ దానివి మూడే కార్బన్లు. మధ్యలో ఉన్నది ఒక్కటే. హైడ్రోజన్ తీసేసి జంట బంధం వెయ్యడానికి పక్కన రెండో కార్బన్ ఎక్కడిది? అది పక్కా పొట్టు.

రెండో రకం. ఈసారి తొట్టిలో పొట్టు లేదు, అన్నీ రొయ్యలే. కానీ నలుగురు ఆడవాళ్ళ మోచేతుల్ని ఎవరో వెనక నుంచి గట్టిగా పట్టుకున్నారు. వేళ్ళు ఖాళీగానే ఉన్నాయి, రొయ్యను పట్టుకుంటాయి కూడా, ఒలవడం మాత్రం కుదరదు. ఇన్హిబిటర్ యాక్టివ్ సైట్‌లో కాకుండా ఇంకో చోట కూర్చుందన్నమాట. పని చేసేవాళ్ళు ఆరుగురే మిగిలారు. నువ్వు లారీడు రొయ్యలు తెచ్చి పోసినా అరవై దాటదు. వీమాక్స్ పడిపోయింది. ఆ ఆరుగురి చేతులకి మాత్రం రొయ్య ఎప్పట్లాగే దొరుకుతోంది. ఐదు కేజీలున్నప్పుడు వాళ్ళు తమ వేగంలో సగంతో, అంటే ముప్పైతో పని చేస్తారు. అరవైలో సగం ముప్పై. ఐదు కేజీలు ఐదు కేజీలుగానే ఉన్నాయి, కేఎం కదల్లేదు.

కాబట్టి పరీక్షలో టేబుల్‌ని గుర్తు చేసుకోవద్దు. ఒక్క ప్రశ్న వేసుకో: తొట్టి నిండా సరుకు పోస్తే పాత పూర్తి వేగం తిరిగి వస్తుందా, రాదా? వస్తుందంటే కాంపిటీటివ్, వీమాక్స్ భద్రం. రాదంటే నాన్ కాంపిటీటివ్, వీమాక్స్ పోయింది. కేఎం సంగతి తర్వాత చేతి దగ్గర వెతుక్కో. చేతికి రొయ్య దొరకడం కష్టమైందా లేదా, అంతే. కేఎం అచ్చంగా అలాగే నిలిచిపోయే సందర్భాలు నిజంగా తక్కువే, రెండూ కాస్త కాస్త మారేవే ఎక్కువ. ఆ గొడవ డిగ్రీలో చూసుకోవచ్చు.

వదలకుండా పట్టుకునే ఇన్హిబిటర్లు కూడా ఉంటాయి. మాది కందుకూరు వైపు. నా చిన్నప్పుడు మా పెదనాన్న కొడుకు పత్తికి మందు కొట్టి వచ్చి, అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే వాలిపోయాడు. మూతికి గుడ్డ కూడా కట్టుకోలేదు, చొక్కా వీపంతా మందుతో తడిసిపోయి ఉంది. నోట్లోంచి చొంగ, ఒళ్ళంతా చెమట, ఊపిరి గురగుర. డాక్టరు టార్చిలైటు వేసి కనుపాపలు చూశాడు. సూది మొనల్లా చిన్నవైపోయాయి. ‘ఏం మందు కొట్టాడు, డబ్బా తెచ్చారా?’ అన్నది ఆయన అడిగిన మొదటి మాట. బతికాడులే. అప్పట్లో నాకు అర్థం కాలేదు, ఎం.ఎస్సీలో ఆ పాఠం వచ్చినప్పుడు ఒళ్ళు జలదరించింది.

జరిగింది ఇది. నరం కండకి కబురు చెప్పడానికి అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. కబురు అందగానే దాన్ని వెంటనే తుడిచెయ్యాలి. ఆ పని అసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ది. ఒక్క అణువు సెకనుకి వేలకొద్దీ అసిటైల్‌కోలిన్ అణువుల్ని తెగ్గొడుతుంది. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు సరిగ్గా దాని యాక్టివ్ సైట్‌లోకే వెళ్ళి ఫాస్ఫేట్ ముక్కని అతికించేస్తాయి. ఇక తుడిచేవాళ్ళు లేరు. కబుర్లు పేరుకుపోతాయి, గ్రంథులన్నీ కారుతూనే ఉంటాయి, ఊపిరితిత్తుల్లో తేమ నిండుతుంది. ఆస్పత్రిలో ఇచ్చే అట్రోపిన్ ఎంజైమ్ జోలికి పోదు. కబురు అందుకునే చోటుని మూస్తుంది. అతుకుని ఊడదీసేది ప్రాలిడాక్సిమ్, డాక్టర్లు పామ్ అంటారు. అయితే సమయం గడిచేకొద్దీ ఆ అతుకు ఇంకా బిగుసుకుంటుంది, ఆ తర్వాత పామ్ కూడా ఊడదీయలేదు. ఒళ్ళు కొత్త ఎంజైమ్ తయారు చేసుకునే దాకా ఆగాల్సిందే. కార్బమేట్ జాతి మందులు కూర్చునేది కూడా ఆ సీట్లోనే, కానీ కొన్ని గంటల్లో వాటంతట అవే ఊడిపోతాయి. మీ పల్లెలో మందు కొట్టేవాళ్ళు ఎవరైనా ఇలా పడిపోతే బట్టలు విప్పేసి, ఒళ్ళు సబ్బుతో కడిగి, డబ్బా చేతపట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తండి. చేసేవాళ్ళు చేతులకి తొడుగులు వేసుకోవాలి.

ఫీడ్‌బ్యాక్ ఇన్హిబిషన్ గురించి రెండు మాటలు చాలు. కోల్డ్ స్టోరేజీ నిండిపోయిందని కబురొస్తే షెడ్డులో మొదటి బల్ల దగ్గరే పని ఆపేస్తారు కదా. కణంలో కూడా చివర తయారైన సరుకు ఎక్కువైతే అదే వెనక్కి వచ్చి, ఆ వరుసలో మొదట్లో ఉన్న ఎంజైమ్‌ని ఆపుతుంది. సరుకు అయిపోగానే వదిలేస్తుంది.

ఇక ఆ తెల్ల పౌడర్. నువ్వు చెప్పినదాన్ని బట్టి అది సోడియం మెటాబైసల్ఫైట్ అయ్యుండాలి. రొయ్యలు నల్లబడటం అంటే కుళ్ళిపోవడం అనుకుంటారు చాలామంది. కాదు. రొయ్యలో పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. బతికున్నప్పుడు పొట్టు గట్టిపడటానికీ గాయాలు పూడటానికీ అదే సాయం చేస్తుంది. రొయ్య చచ్చినా ఎంజైమ్ చావదు. గాలిలో ఆక్సిజన్ తగలగానే ఫినాల్ జాతి పదార్థాలని క్వినోన్లుగా మారుస్తుంది, ఆ క్వినోన్లు ఒకదానికొకటి అతుక్కుని నల్లటి మెలనిన్ అవుతాయి. మొదట తల దగ్గరే నల్లబడుతుందని మీ అమ్మ గమనించే ఉంటుంది, అడిగి చూడు. ఆ నలుపు విషం కాదు కానీ ధర మాత్రం విరిగిపోతుంది. ఐసు వేస్తే ఎంజైమ్ నెమ్మదిస్తుందే గానీ చావదు. ఫ్రీజర్ లోంచి తీసి కరగనిస్తే మళ్ళీ పని మొదలుపెడుతుంది. ఉడికిస్తేనే దాని పని అయిపోతుంది.

మరి పౌడర్ ఇన్హిబిటరేనా అంటే, సగం అవును. అది ముఖ్యంగా చేసేది, తయారైన క్వినోన్లు నల్లబడక ముందే వాటిని పట్టుకుని రంగులేని పదార్థాలుగా మార్చడం. అంటే చేతుల్ని ఆపడం కన్నా గిన్నెలో పడిన సరుకుని ఎప్పటికప్పుడు మాయం చేస్తోంది. దానితో పాటు ఎంజైమ్‌ని కూడా కొంత చెడగొడుతుంది. ఎంజైమ్‌ని నేరుగా పట్టుకునే మందు కావాలంటే 4-హెక్సిల్ రిసార్సినాల్ అని వేరే ఉంది, రొయ్యలకే వాడతారు. నీ ప్రశ్నకి మీ అమ్మ నవ్వింది గానీ, మా కాలేజీలో నేను ఇలాంటి ప్రశ్న అడిగిన పిల్లని ముందు బెంచీలో కూర్చోబెట్టేవాణ్ణి.

అమ్మకి ఒక మాట చెప్పు. ఆ పౌడర్ నీళ్ళలో పడ్డప్పుడు ఘాటైన వాసన వస్తుంది, అది సల్ఫర్ డయాక్సైడ్. ఆస్తమా, ఆయాసం ఉన్నవాళ్ళకి అది మంచిది కాదు. కలిపేటప్పుడు తొట్టి మీదికి వంగవద్దు, గాలి ఆడే చోట ఉండాలి, చేతులకి తొడుగులు వేసుకోవాలి. ‘ఎక్కువ వేస్తే ఎక్కువ తెల్లగా ఉంటాయి’ అని గుప్పెళ్ళతో వేసేవాళ్ళుంటారు. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం పచ్చి ఫ్రోజెన్ రొయ్యలో కేజీకి 100 మిల్లీగ్రాములకి, వండిన రొయ్యలో 30కి మించి సల్ఫర్ డయాక్సైడ్ మిగలకూడదు.

ఎంజైమ్‌కి వేడీ తేమా ఎంత ముఖ్యమో నాకు పుస్తకం కన్నా ముందు మా నాన్న బ్యారన్, అంటే పొగాకు ఆరబెట్టే గది, నేర్పింది. మీ నెల్లూరు వాళ్ళు వరి గురించి చెప్పినట్టు మా వైపు వాళ్ళం పొగాకు గురించి మాట్లాడతాం, ఏమనుకోకు. కోసుకొచ్చిన వర్జీనియా ఆకుని కర్రలకి అల్లి బ్యారన్‌లో కట్టాక, మొదట సన్న సెగ పెడతారు, 35 నుంచి 40 డిగ్రీల దాకా, తేమ పోకుండా. ఆకు ఇంకా బతికే ఉంటుంది. దానిలోని ఎంజైమ్‌లే పిండి పదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి, పచ్చదనం పోయి ఆకు పసుపు పండుతుంది. ఆ తర్వాత సెగ పెంచి తేమ తోలెయ్యాలి. కిటుకంతా ఆ సమయం చూసుకోవడంలోనే ఉంది. తొందరపడి ముందే సెగ పెంచితే ఆకు పచ్చగానే బిగుసుకుపోతుంది. ఆలస్యం చేసి తేమని ఉంచేస్తే ఆకు గోధుమ రంగుకి తిరుగుతుంది, అది చేసేదీ రొయ్యని నల్లబరిచిన పాలీఫినాల్ ఆక్సిడేజ్ జాతిదే. నీరు లేని చోట ఎంజైమ్ పనిచేయలేదు కాబట్టి ఆరబెట్టడమే దానికి బిగించే బ్రేకు. మా నాన్న రాత్రంతా బ్యారన్ కిటికీ దగ్గర థర్మామీటర్ చూస్తూ కూర్చునేవాడు. ఆయనకి ఎంజైమ్ అన్న మాట తెలియదు, కానీ రంగు చూసి ‘ఇక సెగ పెంచండ్రా’ అనడంలో ఏనాడూ తప్పలేదు.

ఇప్పుడు ఎంఈసీ. నీకు లెక్కలూ కామర్సూ నిజంగా ఇష్టమైతే మారు, అది వేరే మాట. రెండు వీక్లీ టెస్టుల్లో ఒక టేబుల్ తారుమారైందని మారకు. కేఎం, వీమాక్స్ మనకిచ్చిన ఇద్దరిలో మాడ్ మెంటెన్ అనే కెనడా ఆవిడ ఒకరు. ఆమె బెర్లిన్ వెళ్ళి లియొనోర్ మైఖేలిస్‌తో కలిసి, చక్కెరని విరగ్గొట్టే ఇన్వర్టేజ్ మీద పనిచేసింది. వాళ్ళ వ్యాసం 1913లో వచ్చింది. ఎంజైమ్‌ని మొదటిసారి స్ఫటికంగా పట్టుకుని అది ప్రోటీనేనని చూపినవాడు జేమ్స్ సమ్నర్. పదిహేడేళ్ళప్పుడు వేటకి వెళ్ళిన చోట తూటా తగిలి ఎడమ చెయ్యి మోచేతి కింద నుంచి పోయింది. అప్పటిదాకా ఆయనది ఎడమచేతి వాటం. ఒంటిచేత్తో కెమిస్ట్రీ కుదరదు, వేరే చదువు చూసుకో అని హార్వర్డ్‌లో ఆయన ప్రొఫెసరే సలహా ఇచ్చాడు. 1926లో జాక్ బీన్ గింజల నుంచి యూరియేజ్‌ని తీశాడు, 1946లో నోబెల్ వచ్చింది. సలహా ఇచ్చేవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఈ కథని అప్పుడప్పుడూ గుర్తు చేసుకుంటుంటాను.

ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక వంకాయ కొయ్యి. నాలుగు ముక్కలు చాలు. ఒకటి పళ్ళెంలో ఊరికే వదిలెయ్. ఒకటి ఉప్పు నీళ్ళలో వెయ్యి, అమ్మ కూరకి రోజూ చేసేదే. ఒకదాని మీద గూడూరు నిమ్మకాయ పిండు. ఇంకొకటి వేడినీళ్ళలో బాగా ఉడకనిచ్చి తియ్యి. పావుగంట తర్వాత ఉప్పు నీటి ముక్కనీ నిమ్మరసం ముక్కనీ కుళాయి కింద శుభ్రంగా కడిగి, నాలుగూ పక్కపక్కన పెట్టి ఒక అరగంట చూడు. కడిగాక ఏ ముక్కలో ఎంజైమ్ మళ్ళీ లేచింది, ఏ ముక్కలో లేవలేదు? ఎంత సేపటికి ఎంత నల్లబడిందో రాసుకుని, ఆ కాగితం నాకు పంపు.